ఏ సాయమూ తీసుకోని ఒకే ఒక్క షెడ్డు

ఇంధన రంగానికి ఆ రోజు నుంచి స్వేచ్ఛ వచ్చిందని మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ప్రభుత్వం తన చెయ్యి తీసేస్తోందనీ, బొగ్గూ చమురూ ఎండా గాలీ ఇకమీదట తమ కాళ్ళ మీద తాము నిలబడతాయనీ చెప్పారు. గాలి తన కాళ్ళ మీద నిలబడే చోట చప్పట్లు మొదలై నలభై సెకన్లు సాగాయి.

ఆ సెకన్లు లెక్కపెట్టింది మూడో వరసలో చివరి కుర్చీలో ఉన్న ప్రకటనగారు. ఆయనకు ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఇంధన శాఖ ప్రెస్‌నోట్లూ, మంత్రుల ఉపన్యాసాలూ ఆయనే రాస్తున్నారు కాబట్టి ఆఫీసులో ఆ పేరు ఎవరికీ గుర్తు లేదు. స్వేచ్ఛా మార్కెట్‌ని ఆయన అంతకుముందు ఏడుసార్లు, నలుగురు మంత్రుల చేత ప్రారంభం చేయించారు. ఇది ఎనిమిదోది. ప్రతిసారీ కొత్తగా రాద్దామనే కూర్చుంటారు. రెండో పేరాకి వచ్చేసరికి పాత ఫైలు తీసి పక్కన పెట్టుకుంటారు. ఇది తన బలహీనత అని మొదట్లో అనుకునేవారు. పదేళ్ళ తర్వాత అనుభవం అనడం మొదలుపెట్టారు.

ఉపన్యాసం అయ్యాక టీ ఇచ్చారు. పరిశ్రమల తరఫున నలుగురు వచ్చారు. మంత్రిగారు రేపు ఏం మాట్లాడతారో ఆయన కన్నా ముందు తెలిసేది ప్రకటనగారికే కాబట్టి, నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ఆయన్ని స్తంభం పక్కకు తీసుకెళ్ళారు.

"మేం మొదట్నుంచీ మార్కెట్ మనుషులం సార్," అన్నారు బొగ్గు కంపెనీ ఆయన. "మా సాయం ఆపండి. కాకపోతే చివర్లో ఆపండి. ముందు ఆ సోలార్ వాళ్ళది ఆపితే మార్కెట్ అంటే ఏంటో జనానికి తెలిసొస్తుంది."

సోలార్ ఆయన వచ్చారు. "ఎండ ఫ్రీ కదా, మీకు సాయం ఎందుకంటారు అందరూ. ఎండ ఫ్రీయే సార్, కాదన్లేదు. రాత్రి ఫ్రీ కాదు."

"మాకసలు సాయమే అక్కర్లేదండీ," అన్నారు గాలిమరల కంపెనీ ఆవిడ. "బొగ్గుకి ఇస్తున్నది ఆపేస్తే చాలు. అది ఆపేదాకా మాకిస్తున్నది ఇస్తూ ఉండండి."

చమురు కంపెనీ ఆయన ఏమీ అడగలేదు. మర్నాడు ప్రకటించబోయేదానికి కృతజ్ఞతలు చెబుతూ టైపు చేయించిన కాగితం ఒకటి చేతికిచ్చి, రెండు బిస్కెట్లు తిని వెళ్ళిపోయారు.

మర్నాడు సాయాలన్నీ ఆగిపోయాయి. సాయం ఆగిపోయిన షాక్ తట్టుకోవడానికి, పాత మొత్తానికి పదోవంతు కలిపి "స్వేచ్ఛ అలవాటు నిధి" కింద ఇస్తారని రెండో ప్రెస్‌నోట్ వెళ్ళింది. ఆ పేరు ప్రకటనగారిదే. నాలుగు నిమిషాల్లో తట్టింది. ఆ సాయంత్రం ఇంట్లో భార్యకు చెప్పారు.

"అంటే సాయం ఆగినట్టా, ఆగనట్టా?" అందావిడ.

"పేరు ఆగింది."

"దీనికి మీకు జీతం ఇస్తారా?" అంటూ ఆవిడ లోపలికెళ్ళింది. ఇస్తారు. క్వార్టర్ కూడా ఇచ్చారు.

పొరపాటు ఆ రెండో ప్రెస్‌నోట్‌లోనే జరిగింది. ఒకే వాక్యం ఉన్న పేరా పైకి పంపకూడదని శాఖలో ఒక నియమం ఉంది. అది పెట్టిన డైరెక్టర్ రిటైరై పన్నెండేళ్ళయింది. తీసేయమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నియమం అలాగే ఉంది. మూడో పేరాలో ఒక వాక్యమే వచ్చింది. ప్రకటనగారు ఇంకొకటి చేర్చారు: "ఇప్పటికే అనేక సంస్థలు ప్రభుత్వ సాయం ఏదీ లేకుండానే దిగ్విజయంగా నడుస్తున్నాయి." ఇలాంటి వాక్యాలు ఆయన సొరుగులో ఎప్పుడూ ఓ అరడజను ఉంటాయి. పంతొమ్మిదేళ్ళలో వాటిని ఒక్కరూ చదవలేదు. ఈసారి చదివారు.

గురువారం మంత్రిగారు పిలిపించారు. గదిలో కార్యదర్శి కూడా ఉన్నారు. బల్ల మీద ప్రెస్‌నోట్ ఉంది. మూడో పేరా చుట్టూ ఎర్రగా గీసి ఉంది.

"మనకి అప్పులిచ్చే బ్యాంకు వాళ్ళ బృందం వచ్చే శుక్రవారం వస్తోంది," అన్నారు మంత్రిగారు. "ఈ అనేక సంస్థల్లో ఒకటి చూస్తారంట. ఏది చూపిద్దాం?"

ప్రకటనగారు కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి రిజిస్టర్ తెరిచారు. "మొత్తం రెండొందల పద్నాలుగు సంస్థలు సార్. అన్నీ తీసుకుంటున్నాయి."

"ఒక్కటి కూడా లేదా?"

"ఒకటుండేది సార్. సాయం లేకపోవడం వల్ల మూతపడింది. మూతపడ్డవాళ్ళ నిధి కింద ఇప్పుడు అదీ తీసుకుంటోంది."

మంత్రిగారు నిట్టూర్చారు. "ప్రకటనగారూ, అనేకం అని మీరే రాశారు. నేను అనేకం అడగట్లేదు. ఒక్కటి చూపించండి. సోమవారం లోపల దొరక్కపోతే పాత గెజిట్ల గది ఖాళీగానే ఉంది, మీరు అక్కడికి వెళ్దురుగాని."

పాత గెజిట్ల గదిలో ఒక కుర్చీ, ఒక ఫ్యాను ఉన్నాయి. ఫ్యాను తిరగదు. ఆ గదిలో పనిచేసేవాళ్ళకు క్వార్టర్ లేదు. ప్రకటనగారి రిటైర్మెంట్‌కి పద్నాలుగు నెలలున్నాయి.

శనివారం పొద్దున ఆయన స్నానానికి వెళ్ళలేదు. పెరట్లో బాయిలరు ముందు పీట వేసుక్కూర్చుని మంట చూస్తున్నారు. భార్య గోనెలోంచి రెండు పొట్టుకట్టెలు తీసి మంటలోకి తోసింది. రంపపు పొట్టుని మిషన్లో వేసి ఒత్తితే వచ్చే మూరెడు దుంగలవి. ఆవిడ తమ్ముడి షెడ్డులో తయారవుతాయి. పదకొండేళ్ళుగా ప్రతి నెలా మొదటి ఆదివారం అతను ఒక గోనె తెచ్చి పెరట్లో పెట్టి వెళ్తాడు. బావగారింట్లో వేడినీళ్ళకు లోటుండకూడదని అతని ఉద్దేశం. ప్రకటనగారు దాన్ని మర్యాద కిందే లెక్కవేశారు. ఇంధనమని ఎప్పుడూ అనుకోలేదు.

"ఏంటండీ, మంట వంక అలా చూస్తున్నారు?"

ఆయన సంగతి చెప్పారు.

"మా తమ్ముడున్నాడుగా."

"మీ తమ్ముడిదీ ఒక పరిశ్రమేనా?"

"మీరు రోజూ స్నానం చేస్తున్నారు కదా."

రంపపు మిల్లుల వెనక సందులో రేకుల షెడ్డు. లోపల ఒక మిషన్. పైన గరాటులాంటి తొట్టిలో పొట్టు పోస్తారు. కింద అచ్చులోంచి కట్టె పొగలు కక్కుతూ వస్తుంది. మిషన్ నడిపే పెద్దాయన్ని అందరూ మిషన్ తాత అంటారు. కట్టెలు పేర్చడానికి ఇద్దరు ఆడవాళ్ళు, బండి తోలడానికి ఒక డ్రైవరు ఉన్నారు. బావమరిది కనురెప్పల మీద పొట్టు ఉంది. పెళ్ళినాడు కూడా ఉంది, ఫొటోల్లో కనిపిస్తుంది.

"ఏంటి బావా, ఇవాళ ఆదివారం కాదే. కట్టెలు అయిపోయాయా?"

"కట్టెల కోసం కాదు. నువ్వు ప్రభుత్వం దగ్గర ఏమైనా తీసుకుంటున్నావా?"

బావమరిది మిషన్ ఆపించాడు. "లేదు బావా. ఎవరైనా కంప్లయింట్ ఇచ్చారా?"

"ఎప్పుడూ తీసుకోలేదా?"

"ఒకసారి ఫారం తెచ్చుకున్నా. పద్దెనిమిది పేజీలు. క్యూలో నిలబడ్డ రోజున రెండు లారీల పొట్టు ఇంకొకడు ఎత్తుకుపోయాడు. మళ్ళీ వెళ్ళలేదు. తప్పే, ఒప్పుకుంటా. అప్పుడు నువ్వే అన్నావుగా, వీడు బాగుపడడని."

అన్నారు. మూడుసార్లు అన్నారు. ఒకసారి భోజనాల దగ్గర, పదిమందిలో.

"ఇప్పుడు మాకు అదే కావాలి," అన్నారు ప్రకటనగారు.

"ఏది?"

"నువ్వు బాగుపడకపోవడం. బ్యాంకు వాళ్ళు వచ్చి చూస్తారు. ఒక్క పూట."

"నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. ఎప్పట్లాగే ఉండు."

"ఎప్పట్లాగే అంటే శుక్రవారం బేకరీకి లోడు పంపాలి బావా. ఆయన పొయ్యి మన కట్టెల మీదే నడుస్తోంది."

"పంపు. ఎవరొద్దన్నారు? నా సీటు పోయేలా ఉంది, కాస్త మీ అక్క మొహం చూడు."

బావమరిది అక్క మొహం అక్కడ లేకపోయినా చూసినట్టే తల ఊపాడు. "సరే బావా. నీ సీటు కన్నా ఎక్కువా ఏంటి."

సోమవారం ప్రకటనగారు సహాయ విభాగానికి వెళ్ళారు. ఈ షెడ్డు ఏ సాయమూ తీసుకోవడం లేదని ఒక సర్టిఫికెట్ కావాలి. అది లేకుండా బృందానికి చూపించడం కుదరదని కార్యదర్శి చెప్పారు.

విభాగం అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా రిజిస్టర్లో లేని మనిషికి సర్టిఫికెట్ ఎలా ఇస్తామండీ?"

"తీసుకోలేదనే కదా రాయాల్సింది."

"తీసుకున్నవాళ్ళైతే తీసుకున్నారని మాకు తెలుస్తుంది. తీసుకోలేదని ఎలా తెలుస్తుంది?"

"పోనీ రిజిస్టర్లో ఎక్కించండి."

"ఎక్కించాలంటే ఏదో ఒక సాయం తీసుకోవాలి."

ఇద్దరూ కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. ఆ చూపులోనే ప్రకటనగారికి పేరు తట్టింది: "సాయం తీసుకోనివారి ప్రోత్సాహకం." ఈసారి రెండే నిమిషాలు పట్టింది. తనలో ఇంకా ఎదుగుదల ఉందని ఆయనకు అనిపించింది. మధ్యాహ్నానికి మంత్రిగారు సంతకం చేశారు.

నెలకు ఎంత ఇవ్వాలన్నది పట్టిక చూసి నిర్ణయించారు. శాఖ పట్టికలో అన్నిటికన్నా చిన్న మొత్తం ఒక చిన్న పవర్ ప్లాంటుకు సరిపోయేది. అంతకన్నా చిన్న గడి పట్టికలో లేదు. కొత్త గడి గీయాలంటే కమిటీ వెయ్యాలి. బావమరిదికి నెలకు ఒక చిన్న పవర్ ప్లాంటుకు సరిపోయే మొత్తం మంజూరైంది. షరతులు మూడు. ఇంకే సాయమూ తీసుకోకూడదు. సందర్శకుల్ని ప్రతిరోజూ లోపలికి రానివ్వాలి. సందర్శకులు ఉన్నప్పుడు వాళ్ళ మీద పొట్టు పడకూడదు.

కాగితం చదివి బావమరిది అడిగాడు. "ఇది తీసుకుంటే, నేను తీసుకోనట్టా?"

"తీసుకోనందుకే ఇస్తున్నారు."

"తీసుకోకపోతే?"

"తీసుకోలేదని రుజువుండదు."

బావమరిది సంతకం పెట్టాడు. చదువుకున్న బావ ఉన్నాడన్న ధైర్యం అతనికి మొదట్నుంచీ ఉంది.

శుక్రవారం పదకొండింటికి బృందం వచ్చింది. ముగ్గురు, ఒక దుబాసీ. మంత్రిగారు, కార్యదర్శి, పరిశ్రమల నలుగురు వెనక నడిచారు. షెడ్డు కడిగి ఉంది. పొట్టు పడకూడదు కాబట్టి మిషన్ పదింటికే ఆపేశారు. బేకరీ లోడు సగమే తయారైంది.

బృందం నాయకురాలు అచ్చు మీద చెయ్యి పెట్టి చూసింది. "ఇంకా వెచ్చగా ఉంది," అంది. ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది.

తర్వాత బావమరిదిని అడిగింది. "సాయం లేకుండా ఎలా నడుపుతున్నారు?"

ప్రకటనగారు దీనికి జవాబు రాసిచ్చారు. అందులో పోటీతత్వం, ఆత్మవిశ్వాసం, దూరదృష్టి ఉన్నాయి. కాగితం బావమరిది జేబులోనే ఉండిపోయింది. "పొద్దున ఆరింటికి మిషన్ వేస్తామండీ. సాయంత్రం ఆరింటికి ఆపుతాం. మధ్యలో పొట్టు పోస్తూ ఉంటాం," అన్నాడు.

దుబాసీ చెప్పాడు. ముగ్గురూ రాసుకున్నారు. బొగ్గు కంపెనీ ఆయన గాలిమరల ఆవిడతో, "అంతేనా?" అనడం వెనక వరసలో వినిపించింది.

"ఎవరికైనా ఉచితంగా ఇస్తారా?"

"నెలకో గోనె ఇస్తానండీ."

"ఎవరికి?"

బావమరిది ప్రకటనగారి వైపు చూశాడు. ప్రకటనగారు మిషన్ వైపు చూశారు. ఇంటల్లుడి మర్యాద కాపాడాలని బావమరిదికి అనిపించినట్టుంది.

"ప్రభుత్వానికండీ."

నాయకురాలు పెన్ను నోట్‌బుక్‌లో పెట్టి ముందుకొచ్చి అతనికి చెయ్యి ఇచ్చింది. తాను చాలా దేశాలు చూశాననీ, ప్రభుత్వానికి సాయం చేసే ఇంధన పరిశ్రమని చూడటం ఇదే మొదటిసారనీ చెప్పింది. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. అప్పు మంజూరైంది. ప్రకటనగారికి రెండేళ్ళు పొడిగింపు వచ్చింది. క్వార్టర్‌కి సున్నం వేయించారు.

తర్వాతి సోమవారం పరిశ్రమల నలుగురూ శాఖకు వచ్చారు. కొత్త ప్రోత్సాహకం తమకూ కావాలన్నారు.

"అది సాయం తీసుకోనివాళ్ళకండీ," అన్నారు కార్యదర్శి.

"అదే కదా. ఆ ప్రోత్సాహకం మేం ఇంతవరకూ ఒక్కసారి కూడా తీసుకోలేదు," అన్నారు బొగ్గు కంపెనీ ఆయన. "మా కంపెనీ పెట్టి అరవై ఏళ్ళయింది సార్. దాన్ని మాకన్నా ఎక్కువ కాలం తీసుకోకుండా ఉన్నవాళ్ళు ఎవరో చెప్పండి."

కార్యదర్శి నిబంధనలు రెండుసార్లు చదివారు. తప్పు కనపడలేదు. నెల తిరిగేసరికి రెండొందల పద్నాలుగు సంస్థలూ సాయం తీసుకోనివారి జాబితాలోకి వచ్చాయి. మూడో పేరా నిజమైంది. ప్రకటనగారు ఆ ప్రెస్‌నోట్‌ని ఫ్రేము కట్టించుకుందామనుకుని, మొహమాటపడి మానేశారు.

ఈ హడావుడిలో మొదటి ఆదివారం గోనె రాలేదు. రెండో నెలా రాలేదు. మూడో నెలలో ప్రకటనగారు పదిరోజుల పాటు చన్నీళ్ళు పోసుకున్నారు. తుమ్ముతూ రెండు ఉపన్యాసాలు రాశారు.

"వాడు మర్చిపోయుంటాడు. మీరే వెళ్ళి పట్టుకు రండి," అంటూ భార్య ఖాళీ గోనె మడిచి ఆయన చంకలో పెట్టింది.

ఆదివారం పదింటికి ఆయన షెడ్డుకి వెళ్ళారు. గుమ్మానికి బోర్డు ఉంది. నేల మీద పలకలు పరిచారు. మిషన్‌కి రంగు వేసి చుట్టూ తాడు కట్టారు. కట్టెలు గాజు పెట్టెలో ఆరు ఉన్నాయి. బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు ఫారాలు నింపుతున్నాడు. కనురెప్పలు శుభ్రంగా ఉన్నాయి. ప్రకటనగారు ఒక్క క్షణం పోల్చుకోలేదు.

మిషన్ తాత మెడలో గైడు అని రాసిన బిళ్ళ వేసుకుని, అచ్చు కింద కరెంటు హీటరు పెడుతున్నాడు.

"ఇదేంటి తాతా?"

"పదకొండింటికి బస్సు వస్తుంది బాబూ. అచ్చు మీద చెయ్యి పెట్టి చూస్తారు. వెచ్చగా లేదనుకో, నొచ్చుకుంటారు."

"మిషన్ వేస్తేనే వెచ్చబడుతుందిగా?"

"దేంతో వేస్తాం? పొట్టంతా బొగ్గు కంపెనీ వాళ్ళు కొనేస్తున్నారు. బొగ్గులో పొట్టు కలిపితే సాయం ఇస్తున్నారంట. మనం ఆ రేటు పెట్టగలమా?"

"మరి బేకరీ?"

"గ్యాసుకి మారాడు. మారినవాళ్ళకి కూడా ఏదో ఇస్తున్నారు. పేరు బావుంది బాబూ, నాకు నోరు తిరగదు."

ఆ పేరూ ప్రకటనగారిదే. ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి గోనె చూపించారు.

బావమరిది లేచి నిలబడ్డాడు. "బావా, ఆ ఆరే ఉన్నాయి. అవి కూడా రిజిస్టర్లో ఎక్కాయి. ఇవ్వడం కుదరదు. ఏమనుకోకు."

"లేదులే."

"నువ్వు బాగుపడడన్నావు గానీ, చూడు, నెల నెలా వస్తోంది," అన్నాడు. కాసేపు ఫారం వైపు చూసి, "పొద్దున ఆరింటికి మెలకువ మాత్రం వచ్చేస్తోంది బావా. లేచి ఏం చెయ్యాలో తెలీట్లేదు," అన్నాడు.

ప్రకటనగారి దగ్గర ఎప్పుడూ అరడజను వాక్యాలు ఉంటాయి. ఆ పూట ఒక్కటీ దొరకలేదు.

అంతలో బస్సు వచ్చింది. ముప్పైమంది దిగారు. మిషన్ తాత హీటరు బల్ల కిందికి తోసేసి తాడు పక్కకు జరిపాడు. ఒకావిడ కెమెరా తీసి అడిగింది. "కొనుక్కునేవాళ్ళు ఎవరూ లేరా?"

తాత చుట్టూ చూశాడు. గోనెతో నిలబడ్డ మనిషి ఒక్కరే కనిపించారు. "అరుగో, కస్టమరు," అన్నాడు.

"గోనె ఖాళీగా ఉందే?"

బావమరిది మూల నుంచి పుస్తకాల కట్టలు తెచ్చి గోనెలో కుక్కాడు. "ఏ సాయమూ లేకుండా" అని సందర్శకులకు పంచడానికి శాఖ అచ్చువేయించిన ఇరవై నాలుగు పేజీల పుస్తకం అది. రాసింది ప్రకటనగారు. మూడు వేలు వేశారు. మూడు నెలల్లో పదకొండు పోయాయి. గోనె నిండింది. ప్రకటనగారు దాన్ని భుజానికెత్తుకుని నవ్వారు. ముప్పైమందీ ఫొటోలు తీసుకున్నారు.

ఆ ఫొటోల్లో ఒకటి బుధవారం పేపర్లో రావాలని శాఖ నిర్ణయించింది. కింద ఏం రాయాలని అడుగుతూ కాగితం మంగళవారం పొద్దున ప్రకటనగారి బల్ల మీదకే వచ్చింది. "స్వేచ్ఛా మార్కెట్‌లో సంతృప్తి చెందిన వినియోగదారుడు" అని రాసి పంపారు. ఒక్క నిమిషం పట్టింది.

బుధవారం పొద్దున పెరట్లో బాయిలరు మండుతోంది. భార్య గోనెలోంచి ఒక్కో పుస్తకం తీసి మంటలో వేస్తోంది. ప్రకటనగారు తువ్వాలు భుజాన వేసుకుని పీట మీద కూర్చుని ఉన్నారు. నాలుగు కట్టలు అయ్యేసరికి నీళ్ళు గోరువెచ్చగా వచ్చాయి. ఆవిడ బకెట్ నింపి ఇచ్చింది. గోనె తిరగేసి దులిపింది.

"అయిపోయాయండీ," అంది. "రేపటికి ఇంకాస్త పొడుగ్గా రాయండి."